పూలమ్మే పిల్లను ఎందుకు చంపారు?

కథలో మనిషిని చంపడం రాసేవాడికి ఒక్క వాక్యం పని. చదివేవాళ్ళకు అలా కాదు. సీరియళ్ళు చదివే ఇల్లాళ్ళకు ఈ సంగతి నేను వేరే చెప్పనక్కర్లేదు. కథానాయికకు జ్వరం తగిలిందని ఈ వారం చదివి, చివర "ఇంకా వుంది" అన్న మాట దగ్గర ఆగిపోయి, ఏడు రోజులూ ఆ పిల్ల గురించి బెంగపెట్టుకున్నవాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరు లేరు! తీరా ఆ పిల్ల పోయిందంటే రచయితను నాలుగు మాటలనని ఇల్లుండదు. అంచేత, జపానులో తయారైన ఒక వీడియో ఆటలో పూలమ్మే పిల్ల ఒకతె చచ్చిపోయిందని దేశదేశాల వాళ్ళు దాదాపు ముప్ఫయ్యేళ్ళుగా తగువులాడుకుంటున్నారంటే మీరు నవ్వరనే నమ్మకంతో, ఈ వారం ఆ విషయం ఎత్తుకుంటున్నాను.

నిజం చెప్పొద్దూ, నేను మాత్రం ముందు నవ్వాను.

వేసవి సెలవలకు మా అక్కయ్య పిల్లలిద్దరూ మా ఇంటికి వచ్చారు. పెద్దది డిగ్రీ రెండో ఏడు, చిన్నవాడు ఇంటరు. వస్తూ వస్తూ ఆటల పెట్టె ఒకటి తెచ్చి మా ముందుగది టీవీకి తగిలించారు. నేను పక్కగదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. మధ్యాహ్నం వేళ గొంతులు లేచాయి.

"ఆ పిల్ల చావాల్సిందేరా. అది బతికితే ఇంక కథే లేదు" అంటోంది అక్క.

"ఏం, ఎందుకు చావాలి? బతికించడానికి సవాలక్ష దార్లున్నాయి" అంటున్నాడు తమ్ముడు.

లేచి వెళ్ళి సంగతేమిటని అడిగాను. చెప్పారు. "ఓసి మీ ఇల్లు బంగారంగానూ! బొమ్మ చచ్చిపోతే ఇంత రభసా?" అన్నాను.

మా మేనకోడలికి కోపం వచ్చింది. "ముందు కథ విను మావయ్యా, తర్వాత నవ్వుదువుగాని. అభిమన్యుడు పోయాడని చెప్తూ క్లాసులో నువ్వు గొంతు తడుపుకోవూ? ఆయన్ని నువ్వేమన్నా చూశావా?" అంది.

జవాబు తోచలేదు. పేపర్లు అవతల పెట్టి కూర్చున్నాను. రెండు మూడు రోజులు వాళ్ళు ఆడుతూంటే చూశాను, చెప్తూంటే విన్నాను. ఆ విన్నదీ కన్నదీ మీకు మనవి చేస్తాను. కథ ముందే తెలిసిపోతే రుచి పోతుందనుకునే వాళ్ళెవరైనా వుంటే, వాళ్ళు ఈ పేజీ తిప్పేయవచ్చు.

ఆట పేరు ఫైనల్ ఫాంటసీ. మొదటిది 1987లో వచ్చింది. తయారుచేసింది జపానులో స్క్వేర్ అనే కంపెనీ, మూలపురుషుడు హిరోనొబు సకాగుచి. సీరియల్ అంటున్నానుగాని, ఒక భాగంలోని మనుషులు రెండో భాగంలో వుండరు. ప్రతి భాగానికీ కొత్త లోకం, కొత్త మనుషులు. ఆడేవాడు ఆ మనుషులకు పెద్దదిక్కులాంటివాడు. వాళ్ళను వూరూరా నడిపించాలి, ఆయుధాలు కొనివ్వాలి, శత్రువులతో యుద్ధం చేయించి బలం పెంచాలి. ఒక్కొక్క ఆట పూర్తికావడానికి నలభై యాభై గంటలు పట్టడం మామూలు. మన పెద్ద నవల ఏదైనా అంతకన్నా ముందే అయిపోతుంది.

ఇందులో ఏడవ భాగం 1997 జనవరిలో జపానులో విడుదలైంది. దర్శకుడు యోషినోరి కితాసే, మనుషుల రూపురేఖలు దిద్దింది తెత్సుయా నోమురా, సంగీతం నొబువో ఉఎమాత్సు. మిడ్గార్ అనే మహానగరం. పైన డబ్బున్నవాళ్ళు ఇనుప పళ్ళెంలాంటి వేదిక మీద కాపురముంటారు. కింద ఎండ తగలని పేటల్లో పేదవాళ్ళు. ఆ నగరంలో పూలు పూయడం అరుదు. ఒక పాడుబడిన చర్చిలో నేల పగిలిన చోట నాలుగు పూలు పూస్తాయి. వాటిని పెంచి అమ్ముకునే పిల్ల ఏరిత్. కథానాయకుడు క్లౌడ్ అనే కిరాయి సిపాయి. ఒకసారి అతను పైనుంచి పడి, చర్చి కప్పు బద్దలుకొట్టుకుని, సరిగ్గా ఆ పూల మడిలో పడతాడు. ఆ పిల్ల అతన్ని తిట్టదు, నవ్వుతుంది. అక్కణ్ణుంచీ వాళ్ళతో ప్రయాణం కడుతుంది.

ఆ పిల్ల పని గాయాలు మాన్పడం. యుద్ధంలో మిగతావాళ్ళు కొట్టేవాళ్ళయితే ఈమె సేద తీర్చేది. అలాంటి పిల్లను, మొదటి డిస్కు చివరికి వస్తూండగా (ఆట మొత్తం మూడు డిస్కులు) సెఫిరోత్ అనే ప్రతినాయకుడు చంపేస్తాడు. లోకాన్ని కాపాడమని నీటి మధ్య మండపంలో ఒంటరిగా మోకరిల్లి ప్రార్థిస్తూంటుంది. క్లౌడ్ ఎదుటికి వస్తే కళ్ళు తెరిచి నవ్వుతుంది. మరుక్షణం పైనుంచి దిగిన కత్తి వీపులో గుచ్చుకుంటుంది. ఆమె జుట్టులో ముడుచుకున్న చిన్న తెల్ల మణి జారి, మెట్టు మెట్టుకూ ఎగిరి పడుతూ నీళ్ళలో కలిసిపోతుంది. వెంటనే అక్కడే ఒక యుద్ధం. ప్రతి యుద్ధానికీ మోగే భేరీల సంగీతం ఈ యుద్ధానికి మోగదు. ఏరిత్ పాటే మెల్లగా సాగుతూంటుంది. ఆడేవాడు ఆ పాట వింటూ కొట్లాడాలి. ఆ తరవాత క్లౌడ్ ఆమెను చేతుల్లో ఎత్తుకుని తీసుకెళ్ళి నీళ్ళలో వదిలేస్తాడు.

ఇంకొక సంగతి చూడండి. 1997 నాటి ఆటలో మాటలు వినబడవు, అక్షరాలుగా కనబడతాయి అంతే. దారి వెంట నడిచే మనుషులు చెక్కబొమ్మల్లా వుంటారు, చేతులకు వేళ్ళు కూడా వుండవు. ఆ బొమ్మ పోతే లోకంలో ఎందరో కళ్ళు తుడుచుకున్నారు. వారపత్రికలో కథ పక్కన చిత్రకారుడు నాలుగు గీతలు గీస్తే, మిగతా మొహమంతా మనమే వూహించుకోవడం లేదూ? ఇదీ అలాంటిదే కాబోలు.

ఇక తగువు సంగతి. ఈ ఆటల్లో ఫీనిక్స్ డౌన్ అని ఒక వస్తువుంది. బూడిదలోంచి లేచే ఫీనిక్స్ పక్షి మెత్తటి ఈక అన్నమాట. కొట్లో దొరుకుతుంది. యుద్ధంలో మనవాడు కుప్పకూలితే ఆ ఈక వాడగానే లేచి నిల్చుంటాడు. మా మేనల్లుడి వాదం ఇక్కడ మొదలవుతుంది.

"నా సంచిలో అలాంటివి ఇరవై వున్నాయి మావయ్యా. రోజుకు పదిసార్లు అందర్నీ బతికిస్తూనే వున్నాను. ఆ పిల్లకు ఒక్కటి వాడనివ్వకపోవడం ఏం న్యాయం?"

వీడొక్కడే కాదు, ఈ ఆట ఆడినవాళ్ళల్లో ఈ ప్రశ్న అడగనివాళ్ళు అరుదట. ఎగతాళిగా అడిగేవాళ్ళు కొందరు, కడుపు మండి అడిగేవాళ్ళు కొందరు. యుద్ధంలో పడిపోవడం అంటే స్పృహ తప్పడమేగాని చావు కాదని పెద్దలు కొందరు సమాధానం చెప్తారు. అలాగైతే కథకు ఒక న్యాయం, ఆటకు ఒక న్యాయమా అని వీళ్ళు తిరగబడతారు.

ఈ ప్రశ్నకు ఆటవాళ్ళు అయిదేళ్ళ ముందే ఒక జవాబు చెప్పారని మా మేనకోడలు వివరించింది. 1992లో వచ్చిన అయిదవ భాగంలో గలూఫ్ అని ఒక ముసలాయన వున్నాడు. మనవరాల్ని కాపాడుకోవడానికి ఒంటరిగా శత్రువు మీద పడతాడు. ఒంట్లో ప్రాణశక్తి సున్నాకు దిగిపోయినా పడిపోడు, కొడుతూనే వుంటాడు. యుద్ధం ముగిశాక కూలిపోతాడు. అప్పుడు తోటివాళ్ళు తెలిసిన మంత్రాలన్నీ వేస్తారు, వున్న మందులన్నీ పోస్తారు, ఆ ఈక కూడా వాడతారు. ఏదీ పనిచెయ్యదు. అంటే, "మీరేం చేస్తే బాగుండుననుకుంటున్నారో అవన్నీ చేశాం, లాభం లేకపోయింది" అని ఆడేవాడికి ఎదురుగా చూపించారన్నమాట. ఇంటి పెద్దకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ డాక్టరు, ఈ డాక్టరు, ఆ మొక్కు, ఈ తాయెత్తు అని పరుగులెత్తినవాళ్ళకు ఆ దృశ్యం కొత్తది కాదు.

అయినా గలూఫ్ పోయాడని ఇంత తగువు లేదు. ఎందుకని? మేనకోడలు చెప్పిన కారణం నాకు ఎంతో నచ్చింది. ముసలాయన పోగానే ఆయన నేర్చిన విద్యలన్నీ మనవరాలికి సంక్రమిస్తాయి. ఆడేవాడు ఆయన మీద పెట్టిన శ్రమలో చిల్లిగవ్వ నష్టం లేదు. కథలో మనిషి పోయాడు, ఆటలో లెక్క సరిపోయింది. ఏరిత్ విషయం అలా కాదు. ఆమె నేర్చినదంతా ఆమెతోనే పోయింది. ఆమెకు గ్రేట్ గాస్పెల్ అని చివరి విద్య ఒకటుంది. దాన్ని సంపాదించడానికి కథ వదిలి ఎక్కడెక్కడో తిరగాలి. ఓపిక వున్నవాళ్ళు తిరిగి సంపాదిస్తారు. సంపాదించిన కొద్ది సేపటికే ఆ పిల్ల పోతుంది. "ఇది నీకిక అక్కరకు రాదు" అని ఎవరూ ముందు చెప్పరు. మర్నాడు యుద్ధంలో గాయం తగిలినప్పుడు చెయ్యి అలవాటుగా ఆమె కోసం వెతుకుతుంది. అక్కడ ఆమె వుండదు.

కన్నీరు తెప్పించింది కత్తి కాదు, ఆ ఖాళీ. అది కథ రాసినవాడి పనితనం ఎంతో, ఆట నియమాలు అల్లినవాడి పనితనం అంత.

కితాసే తరవాత ఒక ముఖాముఖిలో చెప్పిన మాటల సారాంశమూ ఇదే. సినిమాల్లో మనిషి ప్రేమకోసమో, లోకంకోసమో త్యాగం చేసి, నాలుగు మాటలు చెప్పి మరీ పోతాడు. నిజంగా మనుషులు అలా పోరు, జబ్బుతో పోతారు, ప్రమాదంలో పోతారు, హఠాత్తుగా పోతారు. మిగిలేది గొప్ప నాటకం చూసిన అనుభూతి కాదు, వట్టి శూన్యం. ముందే తెలిసివుంటే ఇంకొక విధంగా మసలుకునే వాళ్ళం గదా అన్న బాధ. ఆ బాధ ఆడేవాళ్ళకు కలగాలన్నది తమ వుద్దేశమని ఆయన చెప్పాడు. సకాగుచి తల్లి ఆ పూర్వం మూడవ భాగం తయారవుతున్న రోజుల్లో చనిపోయింది. బతుకంటే ఏమిటి, పోయాక ఏమవుతుంది అన్న ఆలోచన అప్పటినుంచీ ఆయన్ని పట్టుకుంది. పోయిన ప్రాణాలన్నీ భూమిలో కలిసి ఏరులా ప్రవహిస్తాయన్న ఏడవ భాగంలోని కల్పనకు మూలం అక్కడే వుంది.

దీనికి ముందు 1994లో వచ్చిన ఆరవ భాగంలో చావును ఆడేవాడి చేతిలోనే పెట్టి చూశారు. లోకం నాశనమయ్యాక సెలీస్ అనే అమ్మాయి ఒక దీవిలో కళ్ళు తెరుస్తుంది. తోడుగా సిద్ అనే ముసలాయన ఒక్కడే వున్నాడు, అతనూ జబ్బుపడ్డాడు. ఆడేవాడు సముద్రంలో చేపలు పట్టి తెచ్చి అతనికి పెట్టాలి. చురుకుగా ఈదే చేపలు మంచివి, మెల్లగా ఈదేవి మంచివి కావు. తెలియనివాడు సులభంగా దొరికే చేపలే తెచ్చి పెడతాడు, ముసలాయన పోతాడు. ఇంకొక చోట షాడో అని ఒక సహచరుడు వెనకబడిపోతాడు. చుట్టూ అంతా కూలిపోతోంది, గడియారం తరుగుతోంది. చివరి క్షణాల దాకా ఆగినవాడికి అతను దక్కుతాడు, తొందరపడి దూకేసినవాడికి ఇక దక్కడు. తమవల్లే పోయాడని చాలామందికి ఆట అయిపోయిన తరవాతగాని తెలియలేదు.

"చూశావా, తప్పు మనదైతే మనమే పడతాం. ఏరిత్ విషయంలో నా తప్పేముంది? నాకు అవకాశమే ఇవ్వలేదు. చదివేవాడు ఒడ్డున కూర్చుంటాడు మావయ్యా. ఆడేవాడు నీళ్ళలో దిగినవాడు. అడిగే హక్కు నాకుంది" అన్నాడు మేనల్లుడు.

తోసిపుచ్చదగిన మాట కాదిది. ఆ మరణానికి ముందు ఒక క్షణం క్లౌడ్ మతి స్వాధీనం తప్పి ఏరిత్ మీదనే కత్తి ఎత్తుతాడు. అప్పుడు ఆడేవాడు ఏ మీట నొక్కినా ఆ కత్తి ఇంకా పైకే లేస్తుంది. అలా అతని చేతిని ఆ పాపంలోకి లాగి, కాపాడే వీలు మాత్రం ఇవ్వకపోతే, అతను వూరుకోమంటే వూరుకుంటాడా?

వూరుకోలేదు కూడాను. ఫలానా వూళ్ళో ఫలానా పని ముందు చేస్తే ఏరిత్ బతుకుతుందట అన్న పుకార్లు 1997 నుంచీ దేశదేశాలా పాకాయి. పుకారు నమ్మి నలభై గంటల ఆట మళ్ళీ మొదటినుంచీ ఆడినవాళ్ళున్నారు. ఆమెను తిరిగి బతికించమని కితాసేకు మహజరు పెట్టుకున్నారు. దొంగ పరికరాలతో లెక్కలు మార్చి ఆమెను మళ్ళీ జట్టులోకి తెచ్చుకున్నవాళ్ళూ వున్నారు. ఆమె వెంట నడుస్తుంది, కథ మాత్రం ఆమె లేనట్టే సాగిపోతుంది. ఆ మాట విన్నప్పుడు నాకేదో చివుక్కుమంది.

తగువు అక్కడితో ఆగలేదు. అదే కథను మూడు ఆటలుగా పెంచి కొత్తగా చెప్పడం మొదలుపెట్టారు. మొదటిది 2020లో, రెండవది 2024లో వచ్చాయి. ఇప్పుడు ఏరిత్ జుట్టు వెంట్రుక వెంట్రుకా కనబడుతుంది, గొంతు వినబడుతుంది. పాత ఆటలో మన వంతు వచ్చేదాకా ఆగి, ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళం. కొత్తదాంట్లో ఒకపక్క పరుగెడుతూ, తప్పించుకుంటూ కొట్లాడాలి. అది బాగుందని కొందరు, ఇది బాగుందని కొందరు. ఆ తగువు వేరే వుంది.

కొత్త కథలో విస్పర్లనే బూడిదరంగు ముసుగుల భూతాలు వుంటాయి. కథ పాత దారి తప్పితే చాలు, వచ్చి మళ్ళీ దారిలో పెట్టేస్తాయి. మొదటి ఆట చివర మనవాళ్ళు ఆ భూతాలనే ఓడిస్తారు. ఇంకేం, రాత మారింది, ఏరిత్ బతుకుతుంది అని నాలుగేళ్ళు ఎదురుచూశారు. 2024లో ఆ ఘట్టం వచ్చింది. క్లౌడ్ ఆ కత్తిని అడ్డుకుంటాడు. అడ్డుకున్నట్టే కనిపిస్తుంది. అంతలో తెర అదిరి, నెత్తురు కనబడుతుంది. తోటివాళ్ళందరికీ ఆమె చచ్చిపోయింది, ఏడుస్తారు. క్లౌడ్ ఒక్కడికి మాత్రం ఆమె పక్కనే నిల్చుని మాట్లాడుతూ కనబడుతుంది. ఆమె మరో లోకంలో బతికేవుందని కొందరు, అది క్లౌడ్ మతిభ్రమ అని కొందరు. మా ముందుగదిలో జరిగిన కొట్లాట అసలు దీని మీదే.

"ఇదేమిటి మావయ్యా, చంపామని చెప్పరు, బతికించామని చెప్పరు. పాతది కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. ఇది మనల్ని వూరించడం" అంది పెద్దది.

నేను తెలుగు మేష్టర్ని గనక నాకు మన కావ్యాలు గుర్తొచ్చాయి. మన నాటక లక్షణకారులు రంగం మీద మరణం చూపవద్దన్నారు. అయినా భాసుడు ఊరుభంగంలో దుర్యోధనుడి మరణాన్ని రంగం మీదికే తెచ్చాడు. ఉత్తరకాండలో సీత భూమిలోకి వెళ్ళిపోయింది. భవభూతికి మనసొప్పలేదు. ఉత్తరరామచరితంలో సీతారాముల్ని కలిపేశాడు. మన తిక్కన నిర్వచనోత్తర రామాయణం రాస్తూ రామనిర్యాణం రాయకుండానే వదిలేశాడు. తరవాత జయంతి రామభట్టు పూరించాడు. అంటే, పోయినవాళ్ళను బతికించమనే తగువు జపానులో పుట్టింది కాదు. అయితే భవభూతి నాటకం వచ్చిందని ఉత్తరకాండ చెరిగిపోలేదు. 1963లో లవకుశ సినిమా వచ్చినప్పుడు సీత భూమిలోకి దిగిపోతూంటే మనవాళ్ళు ఏడ్చారు. కలిపిన కథ ఒకటి వుందని విడదీసిన కథకు కన్నీళ్ళు తగ్గలేదు. అలాగే 1997 నాటి ఆట ఇప్పటికీ దొరుకుతుంది. అందులో ఏరిత్ పోతూనే వుంటుంది. కొత్తది ఏం చెప్పినా పాతదానికి వచ్చిన నష్టం లేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్పాను. తగువు తగువుగానే వుండాలి. 2020లోనే మరొక కంపెనీ ఆట, ది లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగం, వచ్చింది. అందరూ ప్రేమించిన జోయల్‌ని మొదట్లోనే చంపించి, చంపిన అమ్మాయి పాత్రనే ఆడేవాడి చేతికి ఇచ్చి సగం ఆట ఆడించారు. చెప్పిన తీరు బాగాలేదనేవాళ్ళు అనవచ్చు. కొందరు అక్కడ ఆగలేదు. ఆ అమ్మాయికి గొంతు ఇచ్చిన నటిని, ఆమె చంటిబిడ్డను చంపుతామని బెదిరింపులు పంపారు. బొమ్మ చనిపోయిందని బతికున్న మనిషిని, పసివాణ్ణి చంపుతామనడమా? దుర్యోధన వేషం కట్టినవాడి మీద పూర్వం పల్లెటూళ్ళో ఎవరో రాయి విసిరితే అమాయకత్వమనుకున్నాం. చదువుకున్నవాళ్ళు, తెలిసి తెలిసి చేస్తే ఏమనాలి? పిల్లలిద్దరూ ఈ మాట ఒప్పుకున్నారు. ఆ రోజు వాళ్ళకు కుదిరిన ఒప్పందం అదొక్కటే.

ఆ రాత్రి భోజనాలయ్యాక మళ్ళీ ఏరిత్ ప్రసక్తి వచ్చింది. నేను మధ్యవర్తిగా, "ఎందుకే నీకంత పట్టుదల? వాడు బతికించుకుంటే బతికించుకోనీ" అన్నాను.

మా మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. "అమ్మమ్మ పోయేముందు రోజు ఫోను చేసింది మావయ్యా. నాకు మర్నాడు పరీక్ష. తర్వాత మాట్లాడతాను అమ్మమ్మా అని పెట్టేశాను. ఏరిత్ విషయంలో ఒక్క అబద్ధమూ లేదు. అందుకే అది మార్చకూడదంటాను" అంది.

చిన్నవాడు తల వంచుకుని, "నేనూ అందుకే బతికించాలంటున్నాను. ఆటలోనైనా" అన్నాడు.

ఇద్దరూ రెండు రోజులుగా ఒక్క మనిషి గురించే తగువులాడుకుంటున్నారని నాకు అప్పటికిగాని తెలియలేదు.

మా అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. చూపు మందగించిందంటే కొత్త కళ్ళజోడుకు కొలతలిచ్చి వచ్చాం. శుక్రవారం తీసుకెళ్ళమన్నారు. అమ్మ గురువారం తెల్లవారుజామున పోయింది. కర్మకాండలన్నీ అయ్యాక కొట్టువాడు ఫోను చేసి, "మీ కళ్ళజోడు తయారైందండీ" అన్నాడు. వెళ్ళి డబ్బిచ్చి తెచ్చాను. ఎవరి కంటికీ పనికిరాని వస్తువది. పారెయ్యడానికి చేతులు రాక నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను. కష్టపడి సంపాదించి వాడకుండానే పోయిన గ్రేట్ గాస్పెల్ సంగతి పిల్ల చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ సొరుగే.

సొరుగు తీసి పిల్లలకు చూపించాను. ఇద్దరూ డబ్బా తెరిచి చూసి, మళ్ళీ మూసి నా చేతికిచ్చారు. ఎవరమూ ఏమీ అనలేదు.

పాఠకుల్లో ఎవరైనా నా తీర్పేమిటని అడగవచ్చు. నేను పెద్దదాని పక్షమే. ఆ పూలపిల్ల పోవలసిందే. పోయింది గనకనే ముప్ఫయ్యేళ్ళుగా ఆమెను తలుచుకుంటున్నారు. అయితే చిన్నవాడి పక్షం వుండవద్దని అనలేను. బతికించమని అడిగే నోళ్ళు లేకపోతే, ఆమె పోయిందన్న మాటకు బరువెక్కడిది?

మర్నాడు పొద్దున్న నేను మళ్ళీ పేపర్లు ముందు వేసుకున్నాను. ముందుగదిలో ఆట మొదలైంది. కాసేపటికి చిన్నవాడి గొంతు వినబడింది: "అక్కా, గాయాలు మాన్పేవాళ్ళు లేరే, ఎలాగ?"

"వున్నవాళ్ళతోనే నెగ్గుకురావాలిరా" అంది అక్క.